నెల తప్పిన మాట

పొద్దున్నే గోడమీది పలక చూసి పైడితల్లి నీరసంగా కూలబడింది. కడలిగనిలో పని ముగించుకుని ఆ సాయంత్రం పడవ దిగాల్సిన భర్త దానయ్య రాక ఇంకో నెల వెనక్కి పోయింది. ఇంటివారి కోరికమీదనేనట.

ఇంటింటా గోడపలకలో ఏకార్థి అనే యంత్రం ఉన్న రోజులవి. మనిషి నోటి మాట వింటుంది, దానికి ఒకే అర్థం తీసుకుంటుంది, వెంటనే పని జరిపిస్తుంది. అర్జీలు లేవు, ఆఫీసుల చుట్టూ తిరగడాలు లేవు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్న సామెత చట్టమైపోయింది, అంతే.

పైడితల్లి సవరణ కార్యాలయానికి వెళితే, అధికారి వైకుంఠరావు ఆమె మాటనే ఆమెకు తిరిగి వినిపించాడు. ముందురోజు వంటింట్లో తోడికోడలితో గుసగుసగా అన్నది: "అక్కా, నెల తప్పింది." భర్త రావాల్సిన నెల తప్పిందని, గడువు జరపాలని ఏకార్థి అర్థం చేసుకుంది.

పైడితల్లి సిగ్గుతో చచ్చిపోయింది. పెద్దాయనకూ ఇబ్బందిగానే ఉంది. నెలంటే ముప్పై రోజులని మాత్రమే యంత్రానికి నేర్పారన్నాడు. అసలు నెలంటే చందమామ అని, నెలవంకలో ఉన్నది అదేనని, చందమామ ఓ చుట్టు తిరిగొచ్చే కాలానికీ ఆ పేరే నిలిచిందని, ఆడవాళ్ళు ఒంటి లెక్క కూడా ఆ మాటతోనే చెప్పుకున్నారని తల దించుకునే వివరించాడు. మిగతా అర్థాలు తీసేసినప్పుడు ఇదెవరికీ తట్టలేదట.

అన్న మాట రద్దు కాదు. ఏకార్థికి తెలిసిన మాటలో అసలు సంగతి చెబితే దానయ్య ఇవాళే వస్తాడు, కానీ కారణం అతనికీ చేరుతుంది. ఇదివరకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఎదురుగా నిలబడి తన నోటితో చెప్పాలని పైడితల్లి ఎంత ఆశపడిందో! అయినా ఇంకో నెల ఒంటరిగా ఉండే ఓపిక లేక "గర్భధారణ" అని యంత్రానికి చెప్పేసింది. బయటికొచ్చి ఏడ్చింది.

సాయంత్రం దానయ్య వచ్చాడు. ఆ వార్త గనిలో అందరి చెవుల్లోనూ పడింది, తోటివాళ్ళు వీపు తట్టి పంపారు. అయినా అతను కాళ్ళు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నానేటీ ఇన్నేదు. నువ్వు సెప్పు," అన్నాడు.

పైడితల్లి నోరు తెరిచింది. గోడమీది పలకవైపు చూసి మూసుకుంది.

"వొద్దు మావా. ఆ మాటంటే మళ్ళీ నిన్ను అట్టుకుపోతాది."

ఇద్దరూ అన్నాలు తిన్నారు. పుట్టబోయే బిడ్డ గురించి ఆ ఇంట్లో మొదటి మాట ఎవరూ అనలేదు.