కుండీలు మార్చిన వారానికి

ఆదోనిలో ఆ ఆదివారం పొద్దున ఉమారాణి టిఫినుకు చేసే ఉగ్గానికి బొరుగులు నానబెట్టి మేడ మీదికి వెళ్లింది. వారం కిందట కుండీలు మార్చిన పన్నెండు సక్యులెంట్ మొక్కలు ఎలా ఉన్నాయో చూద్దామని. ఏడింటి దళసరి ఆకులు పసుపుపచ్చగా మారి, ముట్టుకుంటే ఊడి వస్తున్నాయి. మట్టి బురదబురదగా ఉంది.

కిందికి దిగి నేరుగా అత్తగారు సుభద్రమ్మ ముందు నిలబడింది.

"అత్తా, కుండీ మార్చినాక పది దినాలు నీళ్లు పోయొద్దని సెప్తి కదా. తెగిన వేర్లు ఆరల్ల. తడి తగిల్తే కుళ్లిపోతాయి."

"నేనెందుకు పోస్తా? ఈ మోకాళ్లతో మేడెక్కి నెల దాటింది."

"మరి ఎవరు పోసినారు?"

"నన్నే అడుగు. ఈ ఇంట్లో పాలు పొంగినా, పిల్లి దూరినా నాదే తప్పు. నాకు ఉగ్గాని వద్దు."

సుభద్రమ్మ ఉగ్గాని వద్దనడం పదేళ్లలో అదే మొదటిసారి.

మూల కుర్చీలో ఉమారాణి తండ్రి రంగన్న కాఫీ గ్లాసులోకి చూస్తున్నాడు. అది ఖాళీ అయి చాలాసేపయింది. ఎమ్మిగనూరులో నలభై ఏళ్లు మగ్గం నేసి, నడుము నొప్పితో మానేసి, రెండు నెలల కిందటే కూతురింటికి వచ్చాడు.

"సెల్లెమ్మను ఏమీ అనొద్దు తల్లీ," అన్నాడు చివరికి. "పోసింది నేను. దినామూ రెండు సెంబులు."

"నీకూ సెప్పినా కదా నాయనా. ఊరికే కూసోమంటి కదా."

"రెండు నెల్లాయ ఊరికే కూసోని. చీపురు పడితే లాక్కుంటారు. కూరాకు తెస్తానంటే ఎండంటారు. పొద్దున లేస్తే నాకంటూ ఉండేది అదొక్కటే."

లేచి సంచీలో పంచెలు సర్దడం మొదలుపెట్టాడు. "పది గంటల బస్సుకు పోతా."

ఉమారాణి కళ్లు నిండాయి. తండ్రికి విశ్రాంతి ఇస్తున్నాననే అనుకుంది ఇన్నాళ్లూ. ఆయన చేతుల్లోంచి పనంతా లాగేసుకుంటున్నానని తోచనే లేదు.

ఆమెకన్నా ముందు సుభద్రమ్మే లేచి సంచీ లాక్కుంది.

"మొక్కల్ని సంపి బస్సెక్కుతావా అన్నా? మాట పడింది నేను. పైకి పోయి వాటిని బాగు చెయ్యి."

తండ్రీ కూతుళ్లు మేడ మీద మొక్కలు పెకిలించి కూర్చున్నారు. ఉమారాణి తెంపితే కుళ్లిన వేరుతో మంచి వేరూ వచ్చేస్తోంది. మగ్గం మీద తెగిన పోగులు అతికిన రంగన్న వేళ్లు కుళ్లిందాన్ని మాత్రమే విడదీశాయి. రెండు మొక్కలు పోయాయి, అయిదు దక్కాయి. వాటిని నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, ఇసుక కలిపిన పొడిమట్టిలో నాటారు. కాపలా రంగన్నకే అప్పగించారు.

నాటిన పదకొండో రోజు ఉమారాణి చెంబుతో పైకి వెళ్లింది. రంగన్న చెయ్యి అడ్డం పెట్టి, ఒక మొక్కను మెల్లగా కదిపి చూశాడు.

"వేరు ఇంకా పట్టుకోలా. వచ్చే ఆదివారం నేనే పోస్తాలే. నువ్వు పో."

ఉమారాణి నిండు చెంబుతోనే దిగింది. మెట్ల మీదే ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఏమాయ?" అంది కింద సుభద్రమ్మ.

"మా నాయన పోయనీలా అత్తా," అంది ఉమారాణి, కళ్లు తుడుచుకుంటూ.