చావాల్సిన ఉదాహరణ

ఆఫీసు మూడో అంతస్తులో, నడవ చివర ఉన్న గదికి మంచి పేరు లేదు. రాత్రి ఎనిమిది కొట్టగానే అక్కడి కంప్యూటర్ దానంతటదే వెలుగుతుందట... తెర మీద ఆడమనిషి మాటలు పడతాయట. ఊడ్చే అవ్వయితే ఏడింటికే చీపురు సర్దేసేది.

చిట్టికి దెయ్యమంటే భయమే. అయితే భయం కన్నా కుళ్ళు ఎక్కువ.

ఆ గదిలో పనిచేసిన రచయిత్రి పోయిన ఏడాది జబ్బుచేసి చనిపోయింది. ఒక ప్రోగ్రామింగ్ భాష గురించి పుస్తకం రాసేదావిడ. ప్రోగ్రాములు అర్ధాంతరంగా ఎలా చస్తాయో చెప్పే అధ్యాయం సగంలో ఆగింది. ఆ మిగతా సగం చిట్టి చేతికొచ్చింది. దిద్దేది బావ — రోజూ చిట్టి కలల్లోకి వచ్చే బావే.

"అబార్ట్ అంటే నిలుచున్న చోటే కుప్పకూలడం. పానిక్ అంటే పట్టుకున్నవన్నీ ఒక్కొక్కటే కిందపెట్టి పోవడం. ఎంత బాగా రాసిందే ఆవిడ! నువ్వూ ఉన్నావ్, ఎందుకూ!" అన్నాడు బావ.

"అయితే ఆవిడతోనే రాయించుకో!"

చచ్చినదానితో పోటీ ఏమిటి, ఖర్మ కాకపోతే! ఆ మధ్యాహ్నం ఎవరూ చూడకుండా, ఆవిడ రాసిన ఆ పానిక్ ఉదాహరణ ప్రోగ్రాంని పుస్తకంలోంచి కొట్టిపారేసింది చిట్టి.

అయినా ఎనిమిదింటికి బావ ఆ గదివైపే నడిచాడు...

చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే వెళ్ళింది. తలుపు సందులో నీలం వెలుగు... తెర ముందు బావ. తెర మీద ఒకే ఒక్క వాక్యం —

"పట్టుకున్నవన్నీ వదిలేసి వెళ్తున్నా."

"ఎవరు బావా... అది?"

బావ ఉలిక్కిపడి, నవ్వేశాడు. "ఓసి పిచ్చిదానా! రోజూ ఈ వేళకి ఈ మిషను పుస్తకంలోని ఉదాహరణలన్నీ నడిపి చూస్తుంది. చచ్చే ప్రోగ్రాం చివరి మాట ఇక్కడ పడుతుంది. 'ఇది చావాలి' అని పైన గుర్తు పెడితే, చస్తేనే పాసు. నువ్వేమో ఆ గుర్తు రోజూ మర్చిపోతావ్. మిషను నీ అధ్యాయాన్ని తిప్పికొట్టకుండా నేనొచ్చి పెడుతున్నా."

"నా కోసమా...?"

"మరెవరి కోసమే?"

చిట్టి గుండెలో కుళ్ళంతా ఒక్కసారిగా కరిగిపోయింది. బావ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంతేనా! ఆ మాట ఆవిడ ఉదాహరణలోదన్నమాట...

అప్పుడు గుర్తొచ్చింది.

"బావా..." అంది చిట్టి. "ఆ ఉదాహరణని మధ్యాహ్నమే కొట్టేశాను. పుస్తకంలో... అది లేదు."

తెర మీద ఇంకో వాక్యం, ఒక్కో అక్షరమే, మెల్లగా పడింది —

"ఒక్కటి తప్ప."

బావ రెండో చెయ్యి తెర వైపు లేచింది... అటునుంచి ఎవరో పట్టుకున్నట్టు.