తలుపు లోపలి శిలువ

మన్రో ఊరి చివర, సోయా చేల పక్కనున్న ఆ రేకుల షెడ్డులో, శనివారం పొద్దున కొత్త రంగు వాసనా కాఫీ వాసనా కలిసి తేలుతున్నాయి. బెర్నీస్ కాగితం కప్పు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. లోపల ఆమె భర్త రోమన్, అరవై నాలుగేళ్ల మనిషి, ఒక కారు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. తలుపు లోపలి అట్ట ఊడదీయించి టార్చిలైటు వేసి చూస్తున్నాడు.

పందొమ్మిది వందల డెబ్బై నాటి మజిల్ కారు అది, పెద్ద ఇంజినుతో దూసుకుపోయే రకం. పండిన నేరేడు రంగు. ముక్కు పొడుగ్గా ఉంది, వెనక భాగం కాస్త లేచి ఉంది, దూకే ముందు పిల్లి నడుము లేపినట్టు.

"బెర్నీస్, ఇలా రా. తొందరగా రా."

వెళ్లి వంగి చూసింది. తలుపు లోపలి ఇనుము మీద, రంగు తగలని చోట, మేకుతో గీసిన చిన్న శిలువ ఉంది. దాని కింద ఒక అడ్డగీత.

ఆ గీత సంగతి ఆమెకి తెలుసు. పెళ్లికి ముందు రోమన్ కార్ల ఫ్యాక్టరీలో ఎడమ తలుపులు, అంటే డ్రైవరు కూర్చునే వైపువి, బిగించేవాడు. "ఎవరు కూర్చుంటారో, ఎక్కడికి పోతారో... క్షేమంగా ఇల్లు చేరాలని ఒక శిలువ గీయరా" అని వాళ్లమ్మ చెప్పిందట. సూపర్‌వైజరు అటు తిరగగానే తలుపు లోపల ఒకటి గీసేవాడు. లైనులో పనిచేసే వాళ్లని ఉంగరాలు పెట్టుకోనిచ్చేవారు కాదు. యంత్రంలో ఇరుక్కుంటే ఉంగరంతో పాటు వేలూ పోతుంది. ముప్పై నాలుగేళ్ల ఆ అలవాటు రిటైరయ్యాక కూడా రోమన్‌ని వదల్లేదు. అతని పెళ్లి ఉంగరం బెర్నీస్ ప్రార్థన పుస్తకంలో, అట్ట లోపల కుట్టిన చిన్న సంచిలో ఉంటుంది. ఇంట్లో పుట్టినవాళ్ల పేర్లూ పోయినవాళ్ల పేర్లూ ఆమె రాసుకునేది కూడా ఆ పుస్తకంలోనే.

"నా చేతి గీతే ఇది," అన్నాడు రోమన్. "నలభై మూడేళ్ల తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చింది."

"వచ్చింది కారా, నీ పాత ప్రియురాలా? నా మొహం ఎప్పుడన్నా ఇంత మురిపెంగా చూశావా?"

"నువ్వింకా తుప్పు పట్టలేదుగా!"

షెడ్డు యజమాని ఆర్లో పకపకా నవ్వాడు. గడ్డం నెరిసిన బక్క మనిషి, గోళ్ల నిండా గ్రీజు. "పైన మాత్రమే పాతది మేడమ్. ఇంజిను, గేర్లు, బ్రేకులు, ఏసీ, తలుపుల తాళాలు, వీటన్నిటినీ నడిపే కంప్యూటరు, అన్నీ ఒకే కొత్త కారులోంచి తీశాం. యాక్సిడెంటైన కారు. మూడు వేల మైళ్లు కూడా తిరగలేదు. తీస్తే సెట్టుగానే తీయాలి, లేకపోతే దాని బుర్ర మన మాట వినదు."

"ఆ కారులో ఉన్నవాళ్లు ఏమయ్యారు?"

ఆర్లో గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి, అయినా తుడుచుకున్నాడు. "ఇన్సూరెన్సు యార్డులో కొంటాం మేడమ్. వాళ్లు చెప్పరు, మేం అడగం."

తర్వాత ఆమెని సీటులో వంగి చూడమన్నాడు. "ఈ తాళంచెవి అందానికే. పాత కారులో ఉండేది కదా అని ఉంచాం. తిప్పితే తిరుగుతుంది, అంతే. అసలు బటన్ ఇదిగో." యాష్‌ట్రే మూత తెరిచి చూపించాడు. "స్టార్టు చేయడానికి ఒక్క నొక్కు చాలు. పరుగులో ఉన్నప్పుడు ఆపాలంటే మాత్రం మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి."

రోమన్ వినలేదు. ఇంకా ఆ శిలువనే తడుముతున్నాడు. బెర్నీస్ వింది.

కారు కొన్నారు. రోమన్ దాన్ని నడుపుకుంటూ ముందు వస్తే, బెర్నీస్ తమ పాత బండిలో వెనక వచ్చింది. "దీవెన అయ్యేదాకా నేను ఎక్కను" అని ముందే చెప్పేసింది. రెండు వారాలు రోమన్ రోజూ ఒక్కడే తిప్పాడు. వెన్నలా పోతోందన్నాడు. పొద్దున వెళ్లి, ఈల వేసుకుంటూ మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాడు.

వాళ్ల చర్చిలో ఏటా ఆగస్టులో ఒక ఆదివారం పూజ కాగానే కార్లని దీవిస్తారు. ఆవరణలో బార్లు తీరిన పాత కార్ల మధ్యకి ఫాదర్ జిగ్మండ్ తీర్థపు గిన్నె పట్టుకుని వచ్చాడు.

"బానెట్ ఎత్తు రోమన్. పరిగెత్తేది అది కదా, దీవెన దానికి కదా కావాలి."

"వద్దు ఫాదర్. లోపలంతా వైర్లు, కొత్త పాలిష్. చుక్క ఆరితే మచ్చ పడిపోతుంది."

"దేవుడి నీళ్లకి మచ్చేమిట్రా?"

"అవి వంటగది పంపు నీళ్లని నాకు తెలుసు ఫాదర్. ఆ పంపు బాగుచేసింది నేనే."

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఫాదర్ కూడా నవ్వి, మూసిన బానెట్ మీదే నీళ్లు చిలకరించాడు. ఆయన పక్క కారుకి కదిలాడో లేదో, రోమన్ జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి చుక్కలన్నీ తుడిచేశాడు. పాత కార్లని ప్రదర్శనలకి తీసుకెళ్లే వాళ్లందరిదీ అదే అలవాటు. బెర్నీస్‌కి మాత్రం మనసు చివుక్కుమంది.

"కాసేపు ఉండనివ్వాల్సింది."

"ఎండ చూశావా? రంగు పాడవదూ? ఎక్కు ఎక్కు, క్లౌడియా ఎదురు చూస్తుంటుంది."

క్లౌడియా వాళ్ల కూతురు. ఆదివారం భోజనం అక్కడే. బెర్నీస్ బంగాళదుంప కూరిన పియెరోగీ కుడుముల గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేడివేడి వెన్నా ఉల్లిపాయల వాసన కారంతా నిండింది. బెల్టు పెట్టుకుంది. రోమన్ యాష్‌ట్రేలో బటన్ నొక్కాడు. ఇంజిను గొంతు సవరించుకున్నట్టు ఒకసారి గుర్రుమని, సన్నగా మూలగడం మొదలుపెట్టింది.

టప్. తాళాలు పడ్డాయి.

రెండు వీధులు దాటారు. ఏసీ గాలిలో ఏదో తేడా. ముందు చవక సెంటు వాసన వచ్చింది. బెర్నీస్ సెంటు వాడదు. ఆ వెనకే ఇంకో వాసన... నాలుక కొరుక్కున్నప్పుడు నోట్లో వచ్చేలాంటిది.

"ఏసీలో ఏదో చచ్చినట్టుంది రోమన్."

రోమన్ రోజూ వేసే ఈల లేదు. క్లౌడియా వాళ్ల మలుపు వచ్చింది. వెళ్లిపోయింది.

"అయ్యో, మలుపు దాటేశావ్. నిద్రపోతున్నావా?"

"ఎవడికి ఫోన్ చేశావ్?"

ఆమెకి అర్థం కాలేదు. గొంతు పడుచువాడిది. పళ్లు బిగబట్టి మాట్లాడుతున్నట్టుంది.

"ఏమిటీ?"

"నంగనాచి వేషాలెయ్యకు జనెల్. ఎవడికి ఫోన్ చేశావే?"

"జనెల్ ఎవరు? రోమన్, ఒంట్లో ఎలా ఉంది నీకు? బండి పక్కకి తియ్యి."

అతని కుడిచెయ్యి స్టీరింగు వదిలింది. మెటికలతో ఆమె మూతి మీద కొట్టాడు.

గిన్నె ఎగిరి కింద పడింది. వేడి వెన్న కాళ్ల మీద ఒలికింది. నోట్లో ఒక పన్ను కదిలింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ చెయ్యి ఒక్కసారి కూడా పైకి లేవలేదు. దోమని చంపాలన్నా కిటికీ తెరిచి తరిమేవాడు. బెర్నీస్‌కి ముందు నొప్పి తెలియలేదు. పక్షవాతమేమో, మెదడులో నరం తెగిందేమో అనుకుంది.

"నేను బెర్నీస్‌ని. ఇటు చూడు. నన్ను చూడు నాయనా."

చూశాడు. కళ్లు రోమన్‌వే. ఆ బూడిదరంగు కళ్లే. కానీ వాటి వెనక నిలబడి చూస్తున్నది ఇంకెవరో.

"పోతావా? నన్నొదిలి పోతావా?"

చెయ్యి ఆమె మెడ పట్టుకుంది. తలని కిటికీ అద్దానికేసి కొట్టాడు. ఒకసారి. మళ్లీ. అద్దం మీద జుట్టుతో పాటు రక్తం అంటుకుంది. ఇంజిను అరుస్తోంది. ఇళ్లు గీతల్లా వెనక్కి పోతున్నాయి. ఎవరో హారను కొట్టారు, ఎవరో రోడ్డు పక్కకి దూకారు. ఆమె కిందకి చూసింది.

రోమన్ పాదం యాక్సిలరేటర్ పెడల్ మీద లేదు.

రెండు కాళ్లూ వెనక్కి ముడుచుకుని ఉన్నాడు, కింద పాము ఉన్నట్టు. పెడల్ దానంతట అదే నేలకి అంటుకుపోయి ఉంది.

ఎదురుగా రైలు వంతెన. దాని కింద సిమెంటు స్తంభాలు. కారు కుడివైపుకి ఒరుగుతోంది... ఆమె వైపుకి. ఆమె కూర్చున్న వైపే మొదటి స్తంభానికి తగిలేలా.

ఊపిరి అందడం లేదు. మరియమ్మా తల్లీ...

గుంతలో చక్రం పడి కారు ఎగిరింది. రోమన్ ఎడమచెయ్యి స్టీరింగు మీంచి జారి తలుపుకి గట్టిగా తగిలింది. సరిగ్గా అక్కడే. అట్ట వెనక శిలువ ఉన్నచోట.

"బెర్నీస్..."

అది అతని గొంతు. ఏడుస్తున్నాడు. "బెర్నీస్, ఈ చెయ్యి... ఇది నాది కాదు... నేను తీయలేకపోతున్నా..."

కుడిచెయ్యి ఇంకా ఆమె మెడ నొక్కుతూనే ఉంది. ఎడమచెయ్యి వెర్రిగా తాళంచెవి కోసం పాకింది. దొరికింది. తిప్పాడు. తిరిగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ తిరిగింది.

"ఆగట్లేదు... తాళం తిప్పా... ఆగట్లేదు..."

పడుచుతనం నుంచి ఆ చేతికి తెలిసిన దారి అదొక్కటే. కారు ఆగాలంటే తాళం తిప్పాలి. అది కాదని చెప్పడానికి బెర్నీస్‌కి గొంతు లేదు. చెయ్యి చాచింది. యాష్‌ట్రే మూత. లోపల బటన్. నొక్కింది.

ఒకటి...

మెడ మీది చెయ్యి వదిలి ఆమె వేళ్ల మీద పడింది. చూపుడువేలు వెనక్కి విరిచింది. ఎముక చిట్లిన చప్పుడు ఆమెకే వినిపించింది. బటన్ మీంచి ఆమె బొటనవేలు తీయలేదు.

రెండు...

"జనెల్! చంపేస్తానే!" ఆ నోట్లోంచే. ఆ వెంటనే అదే నోట్లోంచి, "వదలకు బెర్నీస్... వదలకు..."

మూడు.

ఇంజిను ఆగింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం. గాలి చప్పుడొకటే. కారు ఇంకా దూసుకుపోతూనే ఉంది. రోమన్ రెండు చేతులూ స్టీరింగు మీదకి వచ్చాయి, రెండూ అతనివే. ఇంజిను ఆగిన కారులో స్టీరింగు రాయిలా బిగుసుకుపోతుంది. మెడ నరాలు తేలేలా, ముప్పై నాలుగేళ్లు ఇనుము మోసిన భుజాలతో దాన్ని తిప్పాడు. కారు గిర్రున తిరిగింది. బెర్నీస్‌కి స్తంభం ఎదురుగా కనిపించింది, తర్వాత ఆకాశం, తర్వాత రోమన్ మొహం. ఆ మొహం వెనక, అతని కిటికీలో, స్తంభం.

ఎడమ తలుపు లోపలికి వచ్చేసింది.

ఆసుపత్రిలో చెప్పారు, పోయేటప్పుడు అతనికి నొప్పి తెలిసి ఉండదని. బెర్నీస్ ఆ మాట నమ్మినట్టు తల ఊపింది. తలుపు ఇనుము అతని పక్కటెముకల్లో ఎంత లోతుకి దిగిందో ఆమె చూసింది.

ఆమెకి భుజం ఎముక, రెండు వేళ్లు విరిగాయి. మెడ మీద ఐదు వేళ్ల గుర్తులు నల్లగా తేలాయి. నర్సు తలుపు మూసి, మంచం పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"మీ ఆయనే చేశాడా అమ్మా?"

"కాదు."

నర్సు తల దించుకుని ఏదో రాసుకుంది. ఆ జవాబు ఆమె చాలామంది నోట విని ఉంటుంది. సాయంత్రం క్లౌడియా వచ్చి అమ్మ మెడ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా... నాన్న ఎప్పుడైనా... ఇంతకు ముందు..."

"ఎప్పుడూ లేదు. దేవుడి మీద ఆన. ఇటు రా, దగ్గరికి వచ్చి చూడు. చెవి కింద ఏముంది?"

క్లౌడియా వంగింది. ఉంగరపు వేలి ముద్ర మొదట్లో, నలుచదరపు గుర్తు. పెద్ద రాయి ఉంగరం చర్మంలోకి దిగినట్టు అంచులతో సహా ఉంది.

"నాన్న ఉంగరం పెట్టుకోడు కదా," అంది క్లౌడియా.

"పెట్టుకోడు."

అక్టోబరులో ఆర్లో ఫోను చేశాడు. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు దగ్గాడు.

"నిద్ర పట్టట్లేదు మేడమ్. ఆ ఇంజిను వచ్చిన కారు గురించి ఆరా తీశాను. మూడేళ్ల కిందట, ఒహాయోలో. మొగుడే నడుపుతున్నాడు. కావాలనే వంతెన స్తంభానికి కొట్టాడు, ఆమె కూర్చున్న వైపు. తను బతకాలనుకున్నాడేమో. బతకలేదు. ఆ అమ్మాయి పేరు..."

"జనెల్," అంది బెర్నీస్.

"మీకెలా తెలుసు?" అన్నాడు ఆర్లో.

"ఇంజిను ఎక్కడుంది ఆర్లో?"

"గీత కూడా పడలేదు. యార్డు వాళ్లు సెట్టుగా అమ్మేశారు."

"ఎవరికి?"

"వాళ్లు చెప్పరు మేడమ్. నేను అడిగాను. ఈసారి అడిగాను."

ఆ రాత్రి బెర్నీస్ ప్రార్థన పుస్తకంలో పోయినవాళ్ల వరుసలో రోమన్ పేరు రాసింది. దాని కింద జనెల్ పేరు కూడా రాసింది. ఆ పిల్లకి రాసేవాళ్లు ఎవరున్నారో లేరో.

చలికాలం గడిచింది. మెడ మీది మచ్చలన్నీ మాసిపోయాయి, చెవి కింది చదరంతో సహా. మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. కిటికీ తెరిచే ఉంది, బయట ఎండ. సబ్బు వాసనలోంచి చవక సెంటు వాసన వచ్చింది.

చేతులు ఆగిపోయాయి.

చెవి కింద వెచ్చబడింది. కాలింది. తడి చేతులతోనే హాల్లోకి పరిగెత్తి అద్దంలో చూసుకుంది. మాసిపోయిన చోట చర్మం లోపలికి నొక్కుకుంటోంది... నలుచదరంగా... ఎర్రగా... ఊదాగా.

ఎవరో ఎక్కారు.

బెర్నీస్ మోకాళ్ల మీద పడింది. పేరు తెలియని ఆ ఆడమనిషి కోసం, ఖాళీ ఇంట్లో గొంతెత్తి అరిచింది. "బటన్ నొక్కు తల్లీ! మూడు లెక్కపెట్టు! వదలకు!"

కానీ ఆ కారులో బటన్ ఎక్కడ పెట్టారో ఆమెకి తెలియదు.