పట్టాలకి బొట్టు

రాజాం బజారులో షట్టర్లు లేచే వేళకి ధర్మారావు మేడమీద గదిలో బల్లమీదికి వంగి, బొమ్మరైలు పట్టా ముక్కని గోరుతో గీకి చూస్తున్నాడు. తల నెరిసేదాకా ధాన్యం వ్యాపారం చేసిన మనిషి. గింజ పంటికింద కొరికి తేమ ఎంతుందో చెప్పేస్తాడు. కొట్టు కొడుకు కళ్యాణ్‌కి అప్పగించాక, ఆ నేర్పంతా తెచ్చి బొటనవేలంత వెడల్పు కూడా లేని ఈ చిన్న రైలుదారి మీద పెట్టాడు.

"ఏటండీ, ఇడ్లీలు సల్లారిపోతన్నాయి!" కింద నుంచి భార్య పార్వతీదేవి కేకేసింది.

"ఉండవే! అతుకు దగ్గర గోరు తగుల్తంది. గోరు తగిలిన సోట సక్రం దిగిపోతాది."

"నా గోరు తగిలితే మీరే దిగుతారు. రండి!"

రాజాంకి రైలు లేదు. "మనూరికి ఎలాగూ రాదు, అందుకే మేడమీదికి తెప్పించుకున్నాను" అని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు ధర్మారావు. నిజానికి ఆయన మనసులో ఉన్న రైలు వేరే. పెళ్లయిన కొత్తలో పార్వతీదేవిని కోటబొమ్మాళి స్టేషన్లో పాసింజరు ఎక్కించి, పొందూరులో దింపి, అక్కణ్ణించి బస్సులో కాపురానికి తీసుకొచ్చాడు. ఆ రైల్లో ఆవిడ ఏడుస్తూనే ఉంది, ఆయన వేరుశనక్కాయలు ఒలిచి పెడుతూనే ఉన్నాడు. ఈ సంగతి మాత్రం కొట్టులో ఎవరికీ చెప్పేవాడు కాదు.

మొదట్లో ఆయన చేసిన తప్పు ధాన్యం వ్యాపారి మాత్రమే చేయగలిగిన తప్పు. పట్టాలు కూడా లాట్ల లెక్కన కొన్నాడు. ఎవడు చవగ్గా ఇస్తానంటే వాడికి కళ్యాణ్ చేత ఫోన్లో ఆర్డరు పెట్టించాడు. కొన్ని ఇత్తడివి వచ్చాయి, కొన్ని తెల్లగా మెరిసేవి. ఒకదానికంటే ఒకటి వెంట్రుకవాసి ఎత్తు. వానలు పడగానే ఇత్తడివి నల్లబడి కరెంటు పాకనిచ్చేవి కావు. నేలమీద పరిస్తే, ఎవరు అటు నడిచినా అతుకుల దగ్గర క్లిప్పులు వదులైపోయేవి. రైలు నాలుగడుగులు నడిచి, కూలబడేది.

చివరికి ఆ లాటంతా గోనెసంచిలో కట్టి అటకెక్కించి, అన్నీ ఒకే కంపెనీ ముక్కలు తెప్పించాడు. ఒక్కో ముక్కకీ కింద కంకర పరిచినట్టు ప్లాస్టిక్ కట్ట అచ్చుపోసి ఉంది. ఒకదాన్లో ఒకటి టక్కున కూర్చుంటుంది. ప్లైవుడ్ బల్ల వేయించి, మోత తగ్గడానికి రబ్బరు షీటు పరిచి, దానిమీద బిగించాడు. అవతలి మలుపుకి చేరేసరికి రైలు నీరసపడుతోందని, బల్లకింద నుంచి తీగలు లాగి అక్కడ కూడా కరెంటు అందేలా పట్టాలకి అతికించాడు. ఇంత చేసినా ఒక్క చిక్కు మిగిలిపోయింది. బల్ల చిన్నది కావడంతో మలుపులు మరీ గుండ్రం. పొడుగు పెట్టెలు తిరగలేక పక్కకి ఒరిగిపోయేవి. అందుకని పొట్టి ఇంజను, పొట్టి పెట్టెలే నడిపేవాడు.

ఆ పొద్దున ఇడ్లీల దగ్గర అసలు సంగతి బయటికొచ్చింది.

కోడలు అనూరాధ జాకెట్లు కుడుతుంది. మిషను వసారాలో ఉంది. దసరా ముందు పని ఎక్కువైపోయింది, ముందురోజు జల్లు కొట్టి ఎవరిదో పట్టు జాకెట్టు తడిసింది. ఆ పిల్ల నోరు విప్పి అడిగే రకం కాదు. పార్వతీదేవి అడిగేసింది.

"మేడమీద గది కోడలికి ఇచ్చీండి."

ధర్మారావు చేతిలో ఇడ్లీ అలాగే ఆగిపోయింది. "మరి నా రైలు?"

"రోజూ సగం దారిలో ఆగిపోయే దానికి గదెందుకండీ, బుట్ట సాలదా?"

"ఆగిపోవడం ఎప్పుడో మానీసింది!"

"నాన్నా, నిన్న సాయంత్రం కూడా ఆగింది. నాను సూశాను" అన్నాడు కళ్యాణ్, చట్నీ గిన్నెలోకి చూస్తూ.

"అది ఆగడం కాదురా, స్టేషను!"

అనూరాధ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది. ధర్మారావుకి పౌరుషం వచ్చింది. "సరే ఇనండి. దసరానాడు మీ తమ్ముడు ఎలాగూ వస్తాడు. అందరి ముందూ నడుపుతాను. ఆగకుండా చుట్టు తిరిగితే గది నాది. ఆగిందా, ఆ రోజే కాళీ సేసీస్తాను."

"మాట మీద ఉండాల మరి" అంది పార్వతీదేవి.

ఆ రోజు నుంచి ఆయన తిండి ధ్యాస మర్చిపోయాడు. భోజనాల దగ్గర కూడా అదే పాట. "పట్టాకి ప్రాణమంతా అతుకు దగ్గరే ఉంటాదే. ముక్క ఎంత మంచిదైనా అతుకు వదులైతే కరెంటు పాకదు. సంసారంలాగే అనుకో." పార్వతీదేవి పులుసు వడ్డిస్తూ "ఊఁ" అనేది. వింటోందో లేదో ఆయనకి తెలిసేది కాదు. వినడం లేదనే అనుకునేవాడు. ఆ బాధ ఒకటి లోపల ఉండనే ఉంది. ఇన్నాళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా ఆ బల్ల దగ్గరకొచ్చి నిలబడి చూసింది లేదు.

దసరానాటికి పట్టాలన్నీ స్పిరిట్‌తో తుడిచి, అద్దంలా చేసి పెట్టాడు. పొద్దున్న కొట్టులో పూజ. కాటాకి, తూకం రాళ్లకి, గల్లాపెట్టెకి, కళ్యాణ్ బండికి పసుపూ కుంకుమా పెట్టారు. కోడలి కుట్టుమిషనుకి బంతిపూల దండ కూడా పడింది. కోటబొమ్మాళి నుంచి బావమరిది ఆనంద్‌కుమార్ దిగాడు.

"ఏటి బావా, రైలెక్కిస్తావట కదా! టిక్కెట్టు తియ్యాలా?"

"నీలాంటోడికి గూడ్సే. ముందు పైకెల్లి కిటికీలు మూసీ. సీకట్లో ఇంజను లైటు బాగుంటాది."

అందరూ మేడెక్కారు. గది చీకటిగా ఉంది. ధర్మారావు తడుముకుంటూ స్విచ్చు తిప్పాడు. చిన్న ఇంజను కళ్లు తెరిచినట్టు లైటు వెలిగింది. ఒక్క జానెడు కదిలింది. లైటు ఆరిపోయింది.

"స్టేషనేనా బావా?" అన్నాడు ఆనంద్‌కుమార్.

ధర్మారావు వేలితో తోశాడు. మిణుక్కుమంది, కదిలింది, తర్వాతి అతుకు దగ్గర మళ్లీ చచ్చింది. మళ్లీ తోశాడు. మళ్లీ అంతే. చీకట్లో కళ్యాణ్ కిసుక్కున నవ్వడం వినిపించింది. ధర్మారావు ఇంజను మీంచి చెయ్యి తీసి అరిచాడు.

"కిటికీలు తియ్యండి!"

వెలుతురు పడింది. పట్టాల పొడుగునా, అతుకు అతుకుకీ, పసుపు చుక్క. దానిమీద కుంకుమ. చక్రాలు తొక్కినచోట ముద్దయి పట్టాకి పూసుకుపోయింది.

ఇంట్లో పసుపూ కుంకుమా ఎవరి చేతిలో ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. ధర్మారావు పెళ్లాంవైపు తిరిగాడు.

"గది కావాలంటే ఊరికినే తీసుకోలేకపోయావా? నాను కాదంటే మాత్రం ఊరుకుంటావా నువ్వు? ఇంతమందిలో నన్ను నవ్వులపాలు సెయ్యాలా?"

"మావయ్యగారూ..." అనబోయింది అనూరాధ.

"నువ్వుండమ్మా. నా రైలంటే దీనికి మొదట్నించీ గిట్టదు. ఒక్కనాడు దగ్గరకొచ్చి సూసిందా?"

పార్వతీదేవి మొహం చిన్నబోయింది. పైటకొంగుతో చేతి పసుపు తుడుచుకుంది.

"కాటాకి పెట్టాం కదండీ. మిషనుకి పెట్టాం. బండికి పెట్టాం. మీరు ఇంత పేణం పెట్టుకున్నదానికి పెట్టకపోతే ఎలాగ? తెల్లారకముందే వొచ్చి పెట్టినాను. ఆగకూడదు తల్లీ అని ఒక్కోదానికీ దండం పెట్టుకున్నాను."

"మరి... సరిగ్గా అతుకుల మీదే ఎందుకు పెట్టావే?"

"పేణమంతా అతుకు దగ్గరే ఉంటాదని మీరే కదా సెప్పారు!" అని కళ్లొత్తుకుంది. "పట్టా నడుమన పెడితే లాభమేటి?"

ధర్మారావు అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. పులుసు వడ్డిస్తూ "ఊఁ" అన్న ఆ మనిషి, ఒక్క మాట పోనివ్వకుండా విన్నది. పందెంలో తాను ఓడిపోవాలని, ఆయన గెలవాలని మొక్కుకుంది. చివరికి ఆయన ఎప్పుడూ మాట్లాడేదే మాట్లాడాడు.

"పసుపు ముద్ద ఎండితే కరెంటు పాకదే, పిచ్చిదానా."

"నాకేటి తెలుసు! గోరు తగలకూడదని సెప్పారు గానీ, పసుపు తగలకూడదని ఎప్పుడైనా సెప్పారా?"

ముందు ఆనంద్‌కుమార్ నవ్వాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. ధర్మారావు కూడా కళ్లనీళ్లతోనే నవ్వాడు. కొంచెం సర్దుకుని, మాట ప్రకారం పట్టా ముక్కలు విప్పడం మొదలుపెట్టాడు.

"ఆగింది. గది కోడలిది."

అనూరాధ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పటిదాకా కొలత టేపు మెడలో వేసుకుని గది నాలుగు గోడలూ చూస్తోంది ఆ పిల్ల. "మావయ్యగారూ, నాకు నేల సాలు. తలకంటే ఎత్తున గోడల సుట్టూ సన్న సెక్క కొట్టించీండి. కింద నా మిషను, పైన మీ రైలు. అప్పుడు మలుపులు కూడా ఇంత గుండ్రంగా ఉండక్కర్లేదు కదా?"

ధర్మారావు మూలలవైపు చూశాడు. గదంత దారి. మలుపులు ఎంత వెడల్పు కావాలంటే అంత. "అయితే పొడుగు పెట్టెలు కూడా తిరుగుతాయే!" అని కోడలి నెత్తిమీద చెయ్యి పెట్టాడు. "నీకున్న తెలివి నాకు లేకపోయిందమ్మా."

దీపావళి లోపల వడ్రంగి వచ్చి చెక్క కొట్టి వెళ్లాడు. వాకిలి దగ్గర తలుపుకి అడ్డం రాకుండా, ఎత్తి పక్కన పెట్టుకునే చెక్కముక్క ఒకటి అమర్చాడు. ధర్మారావు ప్రతి అతుకూ స్పిరిట్‌తో తుడిచాడు. కిటికీ పక్కన ఒక్క అతుకు మాత్రం వదిలేశాడు. అక్కడ అట్టముక్క మీద పసుపు రంగు వేసి, నల్లగా 'కోటబొమ్మాళి' అని రాసి నిలబెట్టాడు. ప్రతి శుక్రవారం పార్వతీదేవి స్టూలెక్కి ఆ ఒక్క అతుక్కీ నిండుగా బొట్టు పెడుతుంది. నాలుగు చక్రాల ఆ పొట్టి ఇంజను గదంతా చుట్టి వచ్చి, సరిగ్గా అక్కడే ఆగుతుంది. మళ్లీ కదలాలంటే ఆవిడ వేలితో తొయ్యాలి.

కింద మిషను టకటకలాడుతోంది. ధర్మారావు స్విచ్చు దగ్గర కూర్చుని అరిచాడు. "తొయ్యవే! ఎంతసేపు ఆపుతావు?"

పార్వతీదేవి స్టూలు మీదే తీరిగ్గా నిలబడి, కొంగులోని వేరుశనక్కాయ ఒకటి ఒలుచుకుంది.

"ఉండండి, తొందరేటి? మావోల్లింకా ఎక్కలేదు."