ఎరతోట

సముద్రపు గాలి లేవగానే, మేడ మీద తెరల ముందు కూర్చున్న ఢిల్లేశ్వరి తన తోట మీద పరిచిన గంధముసుగును ఇంకాస్త చిక్కన చేసింది. ఉద్దానం జీడితోటల్లో లేత చిగుళ్ళు తీపి వాసన విడిచే కాలమిది. ముసుగు ఆ వాసనను కప్పేస్తే చిగుళ్ళ రసం పీల్చే టీదోమలకు తోట ఎక్కడుందో తెలియదు.

పక్క తెర మీద తోడికోడలు జయంతి తోట. ఏళ్ళ తరబడి తీరమంతా ఢిల్లేశ్వరి కూర్చిన ముసుగునే వాడింది. వచ్చే ఏడు నుంచి జయంతి కూర్పే వాడాలని, తీరం తోటలన్నిటి లెక్కలు చూసే యంత్రబుద్ధి తోటమతి తేల్చింది. "చిన్నదాని ముక్కే ముక్కు" అని అత్తగారు కూడా మురిసిపోయింది. ఆ మాట ఢిల్లేశ్వరి గుండెలో జీడిసొనలా మండుతూనే ఉంది.

తెర మీద ఎర్రచుక్కలు కదిలాయి. దోమల గుంపు జయంతి తోట వైపు మళ్ళింది. నిన్నటి ఈదురుగాలికి అక్కడ కొమ్మలు విరిగాయి. విరిగిన చిగురు వాసన మరీ ఘాటు. దాన్ని జయంతి తన తోటకు వేసుకున్న సొంత ముసుగు ఆపలేకపోతోంది. ఢిల్లేశ్వరికి తెలియకుండానే పెదవుల మీదికి నవ్వొచ్చింది.

"ఒక తోటను ఎరగా వదిలితే మిగతావి దక్కుతాయి" అంది తోటమతి. "జయంతి తోట ముసుగు తీసేస్తాను. పక్క తోట వారిగా మీరు ఒప్పుకోవాలి."

ఢిల్లేశ్వరి వేలు ఒప్పుకోలు మీట దాకా వెళ్ళింది. జయంతి చిగుళ్ళు నల్లగా మాడిపోతాయి, పూత రాలిపోతుంది. కానీ ఊరేమంటుంది? 'పాపం, గాలి దెబ్బ తీసింది గానీ, లేకపోతే జయంతిదే పైచేయి' అంటుంది. ఎప్పటికీ అదే అంటుంది.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. తన తోట ముసుగు తీసేసి, చిగురుగంధాన్ని పూర్తిగా వదిలింది.

"ప్రమాదం లేని మీ తోట ముసుగు తీశారు. కారణం చెప్పండి" అంది తోటమతి.

తెర మీద చుక్కలు ఆగి, తడబడి, ఇటు తిరిగాయి. ఢిల్లేశ్వరి మేడ దిగి తోటలోకి వెళ్ళింది.

జయంతి కంచె దాటి పరుగెత్తుకొచ్చింది. "ఏటక్కా, మతి పోనాదేటి? నీ పూతంతా పోతాది!"

"పోనీ."

"నాకోసం ఎందుకు సేసినావు?"

"నీకోసం కాదే. వచ్చే ఏడు నీ ముసుగుతో నీ తోట, నా ముసుగుతో నా తోట పక్కపక్కనే నిలబడాల. నిన్ను ఓడిస్తే నానే ఓడించాల. దోమ ఎవతి?"

మేడ మీద తోటమతి "కారణం చెప్పండి, కారణం చెప్పండి" అంటూనే ఉంది. ఆ కారణం దొరకక తీరమంతా దాని లెక్కలు నిలిచిపోయాయి.

తోడికోడళ్ళ తలల మీదుగా మొదటి గుంపు వచ్చి ఢిల్లేశ్వరి చిగుళ్ళ మీద వాలింది. ఆమె కళ్ళు తిప్పుకోలేదు.