ఏడో నంబరు గొట్టం

ఆమె అతనితో ఆడిన మొట్టమొదటి మాట తిట్టే.

"ఆపండి. మీరిప్పుడు కడిగేసింది పదేళ్ళు."

చేతిలో నీళ్ళ పైపుతో అతను బార్జి పడవ డెక్ మీద అలాగే నిలబడిపోయాడు. రేవు అడుగునుంచి అప్పుడే పైకి తీసిన గొట్టం పైకొసకి అంటుకున్న నల్ల బురదని శుభ్రంగా కడుగుతున్నాడు. నాలుగేళ్ళుగా అదే చేస్తున్నాడు. పనిలో శుభ్రం ఉందని పేరు కూడా తెచ్చుకున్నాడు. అలాంటివాణ్ణి పట్టుకుని, తన తలకన్నా రెండు సైజులు పెద్ద హెల్మెట్ పెట్టుకున్న ఒకమ్మాయి పదేళ్ళు కడిగేశావంటోంది.

"బురదే కదా మేడమ్," అన్నాడు.

ఆమె డెక్ మీంచి నీళ్ళలోకి జారిపోతున్న ఆ నల్లటి ధారని, రైలు తప్పిపోయిన మనిషి పట్టాలకేసి చూసినట్టు చూసింది. తర్వాత వెళ్ళి కుళాయి కట్టేసింది.

అతనికి ఒళ్ళు మండింది. ఆ మంట సాయంత్రానికల్లా ఎలా చల్లారిందో, మర్నాడు పొద్దున్నే ఆమె వచ్చే పడవ కోసం గట్టుకేసి చూడటం ఎందుకు మొదలైందో అతనికే తెలియదు. మనకి తెలుసు. కానీ తొందరేముంది.

ఆ బార్జిని నడిపే సరంగు అతని మేనమామ. పనివాళ్ళందరూ ఈ మేనల్లుణ్ణి 'గొట్టం' అనే పిలుస్తారు. ఆ మాటని జనం ఎలా వాడతారో తెలిసినా అతను పట్టించుకోడు, ఎందుకంటే గొట్టాలు దింపడంలో ఆ రేవులో అతన్ని మించినవాడు లేడు. ల్యాబ్ నుంచి వచ్చిన ఆమెకి కూడా వాళ్ళు రెండోరోజుకే ఒక పేరు పెట్టేశారు, 'మట్టి మేడమ్' అని.

రేవు పూడిపోతోంది. పెద్ద ఓడలు లోపలికి రాలేక బయటే లంగరు వేసుకుని రోజుల తరబడి కూర్చుంటున్నాయి. తవ్వి పారేస్తే సరిపోయే మట్టి అయితే ఈ కథే లేదు. కానీ ఎన్నో ఏళ్ళుగా అక్కడ ఓడలు గీకారు, రంగులు వేశారు, నూనెలు ఒలకబోశారు. ఆ విషమంతా అడుగుకి దిగి, పొర మీద పొరగా పేరుకుని నిద్రపోతోంది. తొందరపడి తవ్వితే అది లేచి నీళ్ళంతటా కలుస్తుంది. అందుకే ముందు చోటు చోటునా అడుగు మట్టిలోకి గొట్టం దింపి, లోపల నిండిన మట్టిని బట్టి మురికి ఎంత లోతుదాకా ఉందో చూడాలి. ఆ తర్వాతే నీళ్ళలో చుట్టూ తెర దించి, మూత ఉన్న బకెట్‌తో నెమ్మదిగా, రోగిని లేపినంత నెమ్మదిగా, ఆ మురికిని పైకి తియ్యాలి. ఎక్కడ తియ్యాలో, ఎక్కడ ఆపాలో చెప్పేది ఆమె.

నాలుగోరోజు భోజనాల వేళ ఆమె అతన్ని గట్టు మీది షెడ్డులోకి పిలిచింది. నిలువునా రెండుగా చీల్చిన గొట్టం ఒకటి బల్ల మీద పడుకుని ఉంది. మూడు మీటర్ల మట్టి. పైన ఒక మీటరు తారులా నల్లగా, మధ్యలో ఎక్కడో ఎర్రటి గీత, దాని కింద ఇంకో నలుపు, ఆ కింద మెత్తటి బూడిదరంగు బంకమట్టి.

ఆమె పైనుంచి వేలు పోనిస్తూ చెప్పుకుపోయింది. ఇది నిరుటిది. ఇది మనం పుట్టినప్పటిది. ఈ ఎర్రగీత ఓడల అడుగున పూసే రంగు. వేలు నల్లపొర దాటి బూడిదరంగులోకి దిగాక ఆమె గొంతు తగ్గింది. ఇక్కడికొచ్చేసరికి ఈ రేవు లేదు, ఊరు లేదు. జానెడు కిందకి పోతే వెయ్యేళ్ళు.

నాలుగేళ్ళలో కొన్ని వందల గొట్టాలు పైకి తీశాడతను. లోపల ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు. తన చేతుల మీదుగా ఎన్ని వేల ఏళ్ళు వెళ్ళిపోయాయో తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. మొదటిరోజు ఆ పైపు పట్టుకుని కడిగేసిన పదేళ్ళు గుర్తొచ్చి, సారీ చెప్పాడు. అప్పుడు ఆమె నవ్వింది. అంతే, మనవాడి పని అయిపోయింది.

ఆ తర్వాత అతనికి సందేహాలు ఎక్కువయ్యాయి. గుల్లలు ఎన్నేళ్ళు బతుకుతాయి, బంకమట్టి ఎక్కడినుంచి వస్తుంది, ఎర్రరంగు ఎందుకు కరగదు. ఆమె అన్నిటికీ ఓపిగ్గా చెప్పేది. మేనల్లుడికి హఠాత్తుగా చదువు మీద ఇంత శ్రద్ధ పుట్టిందేమిట్రా అని సరంగు మామయ్య అందరి ముందూ ఆరా తీశాడు.

ఏడో నంబరు గొట్టం తీసినరోజు గాలి ఎక్కువగా ఉంది. అది రేవులో ఎండ్రకాయల బుట్టలు వేసే మూల. గొట్టం పైకొచ్చింది, డెక్ మీద పడుకోబెట్టారు. దానికి పైవైపు ఎర్రమూత, కిందివైపు నల్లమూత బిగించి, బాణం గుర్తు గీసి పంపాలి. అతని రెండు చేతుల్లో రెండు మూతలున్నాయి. అప్పుడే ఆమె హెల్మెట్ తీసింది. జుట్టంతా ఎగిరి మొహాన పడింది. చేతి తొడుగులు నిండా బురద.

కాస్త ఈ జుట్టు వెనక్కి నెడతారా, కళ్ళు కనబడటం లేదు అంది, చాలా మామూలుగా.

అతను మూతలు కింద పెట్టాడు. మణికట్టు చొక్కాకి తుడుచుకుని, వెనకవైపుతో ఆ జుట్టు తప్పించాడు. ఆమె థాంక్స్ చెప్పి పెన్సిల్ అందుకుంది. అతను మూతలు బిగించి, బాణం గీశాడు. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి, మనిషి మాత్రం అక్కడ లేడు.

సోమవారం ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఇలాంటిది ఈ రేవులో ఇంకెక్కడా లేదట. ఏడో గొట్టంలో విషమంతా కింద ఉందట, దాని మీద రెండు మీటర్ల శుభ్రమైన బంకమట్టి.

"అర్థమైందా? ఎవరో ఎప్పుడో, ఎవరూ అడక్కుండానే, ఆ మురికి మీద మంచిమట్టి తెచ్చి కప్పి వెళ్ళారు. పేరు కూడా రాసిపెట్టుకోలేదు. ఎంత గొప్ప మనిషో చూడండి."

ఆ మాటంటున్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శుక్రవారం మీటింగు. ఆమె పేరుతో వెళ్ళే మొట్టమొదటి రిపోర్టు అది. కప్పి ఉన్నదాన్ని కదపకూడదు కాబట్టి, ఆ మూలని తవ్వకాల జాబితాలోంచి తీసేయమని రాస్తోందట.

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు గొట్టం చివర్నుంచి జావలాంటి నల్లబురద తన బూటు మీద కారింది. జావలా ఉండేది ఎప్పుడూ పైపొరే. నల్లబురద కనబడింది కదా అని, దానికి నల్లమూత బిగించేశాడు. ఆ చివర ఎర్రమూత ఉండాలి.

ఆమె ఆకాశానికెత్తేస్తున్న ఆ మహానుభావుడు ఎక్కడా లేడు. గొట్టం తలకిందులుగా ఉంది, అంతే. ఆ మూలలో విషమంతా పైనే ఉంది, ఎండ్రకాయలు దాంట్లోనే తిరుగుతున్నాయి. జాబితాలోంచి తీసేస్తే అది అలాగే ఉండిపోతుంది.

చెప్పాలని నోరు తెరిచాడు. ఆమె నవ్వుతూ చూస్తోంది. నీళ్ళు నమిలి ఊరుకున్నాడు.

రెండురోజులు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. మామయ్యకి చెబితే ఆయన తల పట్టుకున్నాడు. పై ఇంజనీరుకి తెలిస్తే బార్జి మీద ఉండనివ్వడు, ఆ అమ్మాయికి తెలిస్తే మొహం చూడదు, ఎందుకొచ్చిన గొడవ, నోరు మూసుకోమన్నాడు. ఆయన చెప్పిన రెండూ నిజమే. అందుకే అతనికి రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు.

బుధవారం మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళాడు. ఆమె రిపోర్టు రాసుకుంటోంది.

"మేడమ్, ఏడో గొట్టం తలకిందులుగా ఉంది. మూతలు మార్చి పెట్టింది నేనే."

ఆమె లేచి వెళ్ళి, ఏడో గొట్టం సగాన్ని బల్ల మీద పెట్టింది. బంకమట్టిలో వేలెడేసి పొడవున్న జంట గుల్లలు నిలువుగా గుచ్చుకుని ఉన్నాయి. అవి బతికున్నంతకాలం మట్టిలో నిలబడి, నోరు నీళ్ళవైపు పెట్టుకుంటాయని ఆమే ఒకసారి అతనికి చెప్పింది. వీటి నోళ్ళన్నీ నల్లమూత ఉన్న కిందివైపుకి ఉన్నాయి.

"గొట్టం చీల్చినరోజే చూశాను వీటిని," అందామె. "చూసి కూడా చూడలేదు. మీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"ఇవాళ బుధవారం."

అతనికి జుట్టు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది, కానీ అది చెబితే తప్పు ఆమె మీదికి నెట్టినట్టవుతుందని మింగేశాడు. ఆమె రిపోర్టులో ఆ మూల గురించి రాసిన పేజీ చించి, వెళ్ళమన్నట్టు తలుపుకేసి చూసింది.

శుక్రవారం మీటింగులో ఏం జరిగిందో అతనికి మామయ్య ద్వారా తెలిసింది. తను పప్పులో కాలేశానని ఆమే లేచి నిలబడి చెప్పిందట. గుల్లలు కళ్ళముందున్నా చూసుకోలేదని చెప్పిందట. పెద్ద ఇంజనీరు ఆమెని అందరి ముందూ గట్టిగానే అన్నాడట. ఆ మూలలో మళ్ళీ గొట్టం దింపమన్నారు. మూతలు తప్పు బిగించిన అతన్ని మాత్రం బార్జి దింపేసి, గట్టు మీద తాళ్ళ గోదాములో వేశారు.

గోదాములో తాళ్ళు చుడుతూ పదిరోజులు గడిపాడు. ఉద్యోగం పోయినా ఇంత బాధపడేవాడు కాదు. ఆమె మొహంలో ఆ వెలుగు తన చేతులతోనే ఆర్పేశానే అన్నది తొలిచేసింది. ఆమె పడవ రోజూ గోదాము ముందునుంచే వెళ్ళేది. ఆమె ఒక్కసారి కూడా అటు తిరిగి చూడలేదు.

పదకొండోరోజు మామయ్య వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. తెగ ఆలస్యం చేసి, గొంతు సవరించుకుని అసలు సంగతి చెప్పాడు.

"గొట్టం దింపడానికి కొత్తవాణ్ణి పంపితే ఆవిడ వెనక్కి పంపేసిందిరా. తప్పు చేసి నోరు విప్పినవాడు తీస్తేనే ఆ గొట్టం మీద సంతకం పెడతానంది. ఇంజనీరుకి చచ్చినట్టు ఒప్పుకోక తప్పలేదు. నేను నోరు మూసుకోమన్నానని మాత్రం ఆవిడతో అనకు."

ఆ గొట్టాన్ని అతను దింపినట్టు ఎవరూ ఎప్పుడూ ఏ గొట్టాన్నీ దింపి ఉండరు. అర మీటరు లోతు ఎక్కువ కూడా పోనిచ్చాడు. ఆమె పక్కనే నిలబడింది, పని మాటలు తప్ప ఏమీ మాట్లాడలేదు. మూతలు బిగించేముందు ఏది ఎటో పైకి చదివాడు, ఆమె అవునంది.

షెడ్డులో గొట్టం చీల్చారు. పైన ఒక మీటరు విషం, ఉండాల్సిన చోటే. దాని కింద బంకమట్టి, నోరు పైకి పెట్టుకుని బుద్ధిగా నిలబడ్డ గుల్లలు. ఆ మూల తవ్వకాల జాబితాలోకి ఎక్కినట్టే. ఆ కింద, అతను అదనంగా దింపిన అర మీటరులో, మట్టి ముదురు గోధుమరంగులో పీచుపీచుగా ఉంది. ఇదివరకు ఏ గొట్టమూ అంత లోతు పోలేదు. ఆమె చిన్న కత్తితో ఆ పొరని విడదీసింది.

లోపల ఒక ఆకు ఉంది. పచ్చగా ఉంది.

పొద్దున్నే చెట్టునుంచి రాలినంత పచ్చగా, ఈనెలతో సహా. సముద్రం ఇంకా ఇక్కడిదాకా రాకముందు, ఇక్కడ అడివి ఉన్నప్పుడు రాలిన ఆకు. కొన్ని వేల ఏళ్ళు గాలి తగలకుండా, వెలుతురు పడకుండా, ఇన్ని ఓడల కింద, ఇంత విషం కింద తన పచ్చదనం దాచుకుని కూర్చుంది. ఆమె అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. కెమెరా పక్కనే ఉంది, ఎవరికీ గుర్తు రాలేదు.

గాలి తగిలింది. అంచులు ముందు గోధుమరంగుకి తిరిగాయి, తర్వాత ఈనెలు. పది అంకెలు లెక్కపెట్టేలోగా ఆకంతా నల్లబడిపోయింది.

ఆ పచ్చరంగుని లోకంలో వాళ్ళిద్దరే చూశారు. ఇక ఎవరూ చూడరు.

"రాస్తే ఎవరూ నమ్మరు," అందామె మెల్లగా.

"నేనున్నాగా సాక్షి."

ఆమె అతని చెయ్యి ఇంకా వదల్లేదు. అతనికి ఇంత పెద్దదాన్ని చూశాక చిన్న చిన్న భయాలు ఎక్కడికో పోయాయి.

"మేడమ్, ఇంకో మాట కూడా చెప్పాలి. ఈసారి రెండురోజులు ఆగను. మీరంటే నాకు ప్రాణం."

ఆమె నల్లబడ్డ ఆకునే చూస్తూ ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"రెండురోజులు దాచినందుకు మిమ్మల్ని అంత శిక్షించాను కదా," అంది. "నేను మూడువారాలుగా దాస్తున్నాను. మరి నన్నేం చేస్తారు?"

బయట మామయ్య, పోటు తగ్గకముందే ఇంకో గొట్టం దింపాలని కేకలు పెడుతున్నాడు. ఇద్దరికీ వినబడింది, ఇద్దరూ కదల్లేదు.