ఎర్ర దారం అతుకు

ఆ వీధిలో మోటారు షెడ్లు నలభై దాకా ఉన్నాయి. ఇంజను విప్పేవాళ్లు, సొట్టలు తీసేవాళ్లు, రంగు కొట్టేవాళ్లు ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లు. కానీ వైర్ల దగ్గరికొచ్చేసరికి అందరూ చేతులెత్తేసి ఒక్క మనిషి దగ్గరికే బండి తోసుకొచ్చేవాళ్లు. ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అరవై ఏళ్ల ముసలాయనకు కూడా ఆమె కరెంటక్కే.

ఆ ఆదివారం మధ్యాహ్నం కరెంటక్క కూతురింటికి వెళ్లింది. వెళ్లింది భోజనానికే, కానీ చేతి సంచిలో మీటరు, స్క్రూడ్రైవర్లు, గ్యాసు మంటతో సీసం కరిగించి వైర్లు అతికే చిన్న సోల్డరింగ్ గన్ను ఉన్నాయి. అల్లుడు నెల కిందట పాత కారొకటి కొన్నాడు. అత్తగారికి చెప్పకుండా కొన్నాడు. ఇప్పుడది నాలుగు రోజులు నడుస్తుంది, ఐదో రోజు తాళం తిప్పితే ఉలకదు పలకదు. ఇద్దరు మెకానిక్కులు బ్యాటరీ మార్చారు, రిలే మార్చారు, ఆఖరికి తల గోక్కున్నారు.

"చెప్పులు కొనాలంటే నాలుగు షాపులు తిరుగుతావు. కారు కొనేముందు నన్నొక్కదాన్ని పిలవలేకపోయావా బాబూ?" అంది కరెంటక్క, అపార్టుమెంటు కింద సెల్లార్ మెట్లు దిగుతూ.

"మీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"ఇచ్చావులే."

బయట వాన పడుతోంది. సాయంత్రం ఐదు కూడా కాలేదు గానీ సెల్లార్లో పగలుకీ రాత్రికీ తేడా ఉండదు. రెండు ట్యూబులైట్లు, అందులో ఒకటి కొట్టుకుంటోంది. పై అంతస్తుల పైపుల్లో నీళ్లు దిగుతున్న చప్పుడు. మూల స్తంభం పక్కన నీలం రంగు కారు. బానెట్ ఎత్తగానే అంచుల దగ్గర, రంగు పట్టని చోట, కింద తెలుపు కనిపించింది.

"రంగు మార్చారే," అంది.

"ఒక్కరు వాడిన బండి అని చెప్పాడు అమ్మినతను."

కరెంటక్క నలుపు డబ్బా మూత తీసి, లోపల అగ్గిపెట్టెంత ఉన్న రిలేను వేలితో తట్టింది. "ఇది గేటు దగ్గర కాపలావాడనుకో. బ్యాటరీ కరెంటు గేటు బయట నిలబడి ఉంటుంది. నువ్వు తాళం తిప్పగానే లోపల కంప్యూటర్ 'తెరువు' అని మాట పంపుతుంది. వీడు టిక్కుమని గేటు తీస్తాడు. ఇంజను బతుకుతుంది. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. కాపలావాడు చెడిపోయాడా, లేక వాడికి మాటే అందడం లేదా?"

హారన్ రిలే కూడా అదే సైజుది. పీకి దీని స్థానంలో పెట్టింది. తేడా లేదు. ఫ్యూజు బాగుంది. మీటరు ముల్లు గుచ్చితే బ్యాటరీ కరెంటు గేటు దాకా నిక్కచ్చిగా వస్తోంది. "కాపలావాడు మంచివాడే. మాట మోసుకొచ్చే వైరే ఎక్కడో తెగింది. కూర్చుని నేను చెప్పినప్పుడల్లా తాళం సగం తిప్పు, స్టార్టు చేయకు."

అల్లుడు సీట్లో కూర్చున్నాడు. బానెట్ అడ్డంగా ఉండటం వల్ల ఒకరికొకరు కనిపించరు.

"తిప్పు."

టిక్.

"ఆపు. మళ్లీ తిప్పు."

ఏమీ లేదు.

"మళ్లీ."

టిక్.

వైరు కదిలినప్పుడల్లా తగులుతోంది, వదులుతోంది. కరెంటక్క వైర్ల కట్టను మెల్లగా పైకి లాగింది. నల్ల గొట్టాన్ని వేళ్లతో నొక్కితే లోపల కరకరమంది. చీలిక దగ్గర తెరిచి చూసింది. సన్నటి బురద. ఎండి, పొడిగా మారిన మెత్తటి ఒండ్రు. ముక్కుకు చేపల వాసన లాంటిదేదో తగిలింది.

"బాబూ, ఈ బండి నీళ్లలో మునిగింది."

"అలా చెప్పలేదే అత్తయ్యా వాడు!"

"మునిగిన బండి అని ఎవడు చెప్తాడు? సరే, పైకెళ్లి ఒక పాత గుడ్డ పట్రా. ఇదంతా తుడవాలి."

"ఇప్పుడే వస్తా," అంటూ అల్లుడు దిగి లిఫ్టు వైపు వెళ్లాడు. లిఫ్టు తలుపులు మూసుకున్న చప్పుడు. కాసేపటికి రెండు ట్యూబులైట్లూ ఒకేసారి ఆరిపోయాయి.

కరెంటక్క కంగారు పడలేదు. కరెంటు పోవడం ఆమెకు కొత్తా? నెత్తికి కట్టుకునే లైటు తీసి వెలిగించింది. ఆ వెలుగు బానెట్ కింద వరకే. చుట్టూ మిగతా సెల్లార్ అంతా కళ్లు మూసుకున్నట్టు నల్లగా అయిపోయింది. వాన చప్పుడు ఉన్నట్టుండి దగ్గరైంది.

కారు తలుపు మూసుకున్న చప్పుడు. సీటు కిర్రుమంది.

"వచ్చావా? గుడ్డ తర్వాత ఇద్దువుగానీ, ఒకసారి తిప్పు."

"ఊఁ."

టిక్.

"ఆపు."

"ఊఁ."

పని ముందుకు సాగింది. గొట్టం జానెడు పొడవు చీల్చేసరికి ఒకచోట వైరు లావుగా, టేపు చుట్టి ఉంది. ఎవరో అతుకు వేశారు. బ్లేడుతో టేపు గీసి, ఒక్కొక్క చుట్టే విప్పింది. ఆఖరి చుట్టు కింద ఎర్ర దారం కనిపించింది.

కరెంటక్క చెయ్యి ఆగిపోయింది.

వైరు మెలిపెట్టాక, టేపు వేసేముందు, మైనం రాసిన దారం ఏడు చుట్లు చుట్టి ముడి వేయడం ఆమె నాన్న నేర్పిన పద్ధతి. చాదస్తమని వీధంతా నవ్వేది. ఆమె తప్ప ఇంకెవరూ అలా చేయరు. చుట్లు లెక్కపెట్టింది. ఏడు. ముడి ఎడమవైపు.

మూడేళ్ల కిందటి వాన సాయంత్రం ఒకటి గుర్తొచ్చింది. షెడ్డు ముందు ఆగిన తెల్ల కారు. స్టీరింగు దగ్గర ఒకమ్మాయి, దిగకుండానే, మాటిమాటికీ వెనక సీటు వైపు చూసుకుంటూ, "అక్కా, ఏదో ఒకటి చేసి పంపించు, ఆలస్యమైపోతోంది" అని బతిమాలింది. అప్పుడు వీధిలో కరెంటు లేదు. ఈ గ్యాసు గన్ను అప్పటికింకా కొనలేదు, సోల్డరింగు వేసే వీల్లేదు. వైరు మెలిపెట్టి, దారం కట్టి, టేపు చుట్టింది. "ఇవాళ్టికి ఇల్లు చేరుస్తుంది. రేపు తీసుకురా, గట్టిగా వేస్తాను. నీళ్లలోకి మాత్రం దింపకు" అని చెప్పింది. ఆ అమ్మాయి మర్నాడు రాలేదు.

రెండు రోజులయ్యాక టీ కొట్టు దగ్గర ఎవరో చెప్పుకుంటుంటే వింది. రైలు వంతెన కింద నీళ్లలో కారు ఆగిపోయిందట. తలుపులు తెరుచుకోలేదట. పైనున్నవాళ్లకు తాళం తిప్పుతున్న చప్పుడు చాలాసేపు వినిపించిందట. ఎవరో ఆడమనిషట. ఏ రంగు కారు అని కరెంటక్క అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని అడగలేదు. టీ సగంలో వదిలేసి వచ్చేసింది.

ఇప్పుడు ఆ దారం తన వేళ్ల మధ్య ఉంది. తడిగా ఉంది.

జేబులో ఫోను మోగింది. ఉలిక్కిపడి తీసింది. అల్లుడు.

"అత్తయ్యా... లిఫ్టులో ఇరుక్కుపోయాను... రెండుకీ మూడుకీ మధ్య..." సిగ్నలు ముక్కలు ముక్కలుగా వస్తోంది. "పది నిమిషాలైంది... వాచ్‌మన్‌కి చేశాను... మీరు చీకట్లో ఏం ముట్టుకోకండి. తాళం కూడా నా జేబులోనే ఉంది."

ఫోను తెగిపోయింది.

కరెంటక్క బానెట్ వైపు చూసింది. దాని అవతల సీటు ఉంది. ఇందాక ఊఁ అన్న గొంతును మనసులో మళ్లీ విని చూసుకుంది. అది మగ గొంతు కాదు.

టిక్.

చప్పున రిలే పీకేసి అరచేతిలో పట్టుకుంది. పానా అందుకుని బ్యాటరీ వైరు ఊడదీసి పక్కకు పడేసింది. ఇక కారులో ప్రాణం లేదు. ఎక్కడా చుక్క కరెంటు లేదు. మనిషి అబద్ధం చెప్తాడు గానీ మీటరు చెప్పదు. ముల్లు గుచ్చి చూసింది. సున్నా.

టిక్.

అరచేతిలో కొట్టుకుంది రిలే. గువ్వపిట్టను పట్టుకుంటే లోపల కదిలినట్టు.

టిక్... టిక్... కాసేపు ఆగి... టిక్ టిక్ టిక్ టిక్...

తాళం తిప్పి, ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ తిప్పే మనిషి తొందర అది.

పారిపోవాలనుకుంది. మెట్లు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. కాలు తీసి వేసింది. చెప్పు బరువుగా లేచింది. పాదాల చుట్టూ చల్లగా ఏదో... సెల్లార్ నేల పొడిగా ఉండటం ఆమె కళ్లారా చూసింది. చల్లదనం మడమలు దాటింది. పిక్కలు దాటింది. కిందికి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

అప్పుడు బానెట్ అవతల నుంచి, చాలా మెల్లగా...

"అక్కా... తిప్పనా?"

కూతురు రోజూ ఈ బండిలోనే ఆఫీసుకు వెళ్తుంది. మనవరాలిని బడికి తీసుకెళ్లేదీ ఈ బండే. ఇవాళ తను మెట్లెక్కి పారిపోతే రేపు ఆ సీట్లో కూర్చునేది తన పిల్ల. అదొక్కటే ఆమెను నిలబెట్టింది.

"ఆగు తల్లీ," అంది. "ఒక్క నిమిషం. ఈసారి సరిగ్గా వేస్తాను."

టిక్కుమనడం ఆగింది. వింటున్నట్టు.

ఎర్ర దారం కోసేసింది. పచ్చగా చిలుమెక్కిన రాగిని బ్లేడుతో గీకి, కొత్త ముక్క చేర్చి మెలిపెట్టింది. గ్యాసు గన్ను వెలగలేదు. మళ్లీ నొక్కింది. వెలగలేదు. మోకాళ్ల దాకా చలి. మూడోసారి నీలం మంట బుస్సుమంది. మోచేతులు కారు అంచుకు ఆనించుకుని సీసం కరిగించింది. చుక్క మెరిసి, వైరులోకి ఇంకింది. ముప్పై ఏళ్లలో అంత శ్రద్ధగా ఆమె ఏ అతుకూ వేయలేదు. పైన గొట్టం తొడిగి, టేపు చుట్టి, రిలేను దాని గూట్లో నొక్కింది.

నడుము దాకా చలి. ఊపిరి ఆడటం లేదు.

"అప్పుడే వేయాల్సింది," అంది గుసగుసగా. "నిన్ను ఆపేయాల్సింది. పంపించాను. తప్పు నాదే." కళ్లు మూసుకుంది. "తిప్పు తల్లీ."

టిక్.

ఇంజను అందుకుంది. ఒక్క కుదుపు లేదు, దగ్గు లేదు. మెత్తగా, నిండుగా తిరిగింది. వేడిగాలి ముఖానికి తగిలింది. కళ్లు తెరిచింది. బ్యాటరీ వైరు తను పడేసిన చోటే, పక్కన, ఊడి పడి ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది.

పది లెక్కపెట్టేంత సేపు. ఆ తర్వాత ఎవరో నింపాదిగా తాళం తిప్పి ఆపినట్టు ఆగిపోయింది. కాళ్ల చుట్టూ చలి దిగిపోయింది. డ్రైవరు వైపు తలుపు తెరుచుకుని, జాగ్రత్తగా మూసుకుంది.

ట్యూబులైట్లు వెలిగాయి.

నేల పొడిగా ఉంది. చీర కుచ్చిళ్లు పొడిగా ఉన్నాయి. డ్రైవరు సీట్లో ఎవరూ లేరు. కరెంటక్క స్తంభానికి ఆనుకుని అలాగే కూలబడి ఏడ్చింది. భయంతోనో, బరువు దిగినందుకో ఆమెకే తెలియలేదు. ఆ అమ్మాయి వెళ్లిపోయింది, ఇల్లు చేరుతుంది అనుకుంది.

అల్లుడు మెట్ల మీదుగా పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమైంది అత్తయ్యా? కళ్లు అలా ఉన్నాయేంటి?"

"పొగ తగిలింది. అయిపోయింది బాబూ. బండి బాగైంది." లేచి బ్యాటరీ వైరు బిగించింది. "తిప్పి చూసుకో."

అల్లుడు కూర్చుని తాళం తిప్పాడు. మొదటిసారికే అందుకుంది. "అబ్బ! ఇద్దరు మెకానిక్కులు కలిసి చేయలేనిది..." అని నవ్వుతూ అద్దం సరిచేసుకున్నాడు. నవ్వు ఆగింది. వెనక్కి తిరిగి చూశాడు.

"అత్తయ్యా, వెనక సీటు బెల్టు మీరు పెట్టారా?"

కరెంటక్క వెనక తలుపు తీసింది. కిటికీ వైపు సీటు ఖాళీగా ఉంది. బెల్టు మాత్రం అడ్డంగా వేసి, కొక్కెంలో పెట్టి ఉంది. సీటుకు ఆని లేదు. మధ్యలో జానెడు ఎడం. చిన్నపిల్ల ఒంటి చుట్టూ బిగించినట్టు వంపు తిరిగి, గాలిలో నిలిచి ఉంది.

అల్లుడు చెయ్యి చాపి ఎర్ర మీట నొక్కాడు. రాలేదు. గట్టిగా నొక్కాడు. రాలేదు.

"ఇరుక్కున్నట్టుంది," అన్నాడు.

కరెంటక్క బెల్టునే చూస్తోంది. అది మెల్లగా ముందుకు జరిగింది... వెనక్కి వెళ్లింది... మళ్లీ ముందుకు జరిగింది.